కుప్పం నుంచి మదనపల్లెకు ఒక ఫ్లాస్కు

మదనపల్లెలో ఒక టమోటా మండీ ఓనరు. కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఓనరు. ఫ్యాక్టరీ ఆయన భార్య మండీ ఆయనకు తోడబుట్టిన అక్క. అంటే ఇద్దరూ బావాబామ్మర్దులు. ఇద్దరికీ తిండికి లోటు లేదు, పొలం గట్ల దగ్గర తగాదా లేదు. అయినా ఎనిమిదేళ్ల పాటు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కారణం ఒక కుక్క చెవి.

తొంభైల నడిమిలో, బామ్మర్ది కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజున, బావ తన అల్సేషన్ కుక్కను కారు ముందు సీట్లో, భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చాడట. చుట్టాలంతా వెళ్లి కుక్క చుట్టూ చేరారు. రాజస్థాన్ నుంచి తెప్పించిన పాలరాయిని ఎవరూ చూడలేదు. బామ్మర్దికి కడుపు మండింది. "అంతా బాగుండాది గానీ బావా, ఆ ఎడమ చెవి సూడు, ఒక రవ్వ వాలింది. అది నాటు చెవి" అన్నాడు. బావ చేతిలోని పాయసం గ్లాసు కింద పెట్టి భార్యను లెమ్మన్నాడు. ఇంక ఈ గడప తొక్కనని అందరి ముందూ చెప్పి కారెక్కాడు. తొక్కకపోతే గడప నాలుగు రోజులు ఎక్కువ మన్నుతుందని బామ్మర్ది వెనక నుంచి అన్నాడు. వీళ్లిద్దరూ ఊళ్లో పదిమందికి పంచాయితీలు చెప్పే పెద్దమనుషులు.

నేను ఇందులోకి రెండువేలు దాటిన కొత్తలో వచ్చి పడ్డాను. అప్పుడు పుంగనూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరును. పుంగనూరు అంటే బయటివాళ్లకు పొట్టి ఆవు. నేను చేరేనాటికి ఊళ్లో ఆ ఆవుల కంటే వాటిని చూడ్డానికి వచ్చేవాళ్లే ఎక్కువగా ఉండేవాళ్లు. నా అసలు పని చౌడేపల్లె, సదుం వైపు నుంచి వచ్చే సీమావులకు సూదులు వేయడం. సూది అంటే కృత్రిమ గర్భధారణకు మా రైతులు పెట్టుకున్న పేరు. ఆబోతు వీర్యం గడ్డకట్టించి సన్నటి గొట్టాల్లో మాకు వస్తుంది. కుక్కలకు అలాంటి ఏర్పాటేదీ లేదు. ప్రభుత్వం దృష్టిలో కుక్క అంటే కరవడానికి పుట్టిన జంతువు, మాకిచ్చేది కరవకముందు టీకా, కరిచిన తర్వాత రిజిస్టరు.

నాకు మాత్రం ఒక పిచ్చి ఉండేది. కాలేజీలో ఉండగా ఒక జిరాక్సు వ్యాసం చేతికి దొరికింది. కుక్క వీర్యాన్ని గడ్డకట్టించకుండా, ఊరికే ఫ్రిజ్ చల్లదనంలో కొన్ని రోజులు బతికించడం గురించి. చల్లబెడితే వీర్యకణాలు నెమ్మదిస్తాయి కానీ గాలిలోని ఆక్సిజన్ వాటి పైపొరలోని కొవ్వును మెల్లగా పాడుచేస్తుంది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడ్డట్టు. వంకాయనైతే ఉప్పునీళ్లలో వేస్తాం. వీర్యానికైతే విటమిన్ ఇ లాంటి యాంటీఆక్సిడెంటు కలపాలి, పాడయ్యేదేదో ముందు అది పాడై కణాలను కాపాడుతుంది. నేనిది చెబితే మా కాంపౌండరు వంకాయ దగ్గర దాకా శ్రద్ధగా విని, తర్వాత టీకి వెళ్లిపోయేవాడు.

ఈ పిచ్చి సంగతి ఎలా తెలిసిందో, ఒకరోజు మండీ ఆయన పుంగనూరు దాకా వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో టమోటా రేట్ల చీటీ. మదనపల్లెలో డాక్టర్లు లేరా అని అడిగాను.

"ఉండారు సార్. వాళ్లకు ఊరంతా తెలుసు, ఊరికంతా వాళ్లు తెలుసు. అందుకే ఈడికొచ్చినా" అన్నాడు.

విషయం ఏమిటంటే, చెవుల గొడవ తర్వాత అసలైన చెవులు ఎలా ఉంటాయో లోకానికి చూపించాలని ఆయన బెంగళూరు నుంచి ఒక ఆడ అల్సేషన్‌ను తెచ్చుకున్నాడు. చెవులు నిజంగానే కత్తుల్లా ఉండేవి. కానీ రెండుసార్లు జత కట్టించినా పిల్లలు పుట్టలేదు. దానికి ఆరేళ్లు నిండాయి, ఇంకొక్క ఎద తప్పితే ఆశ లేదు. ఈ మధ్య కుప్పంలో ఎవరిదో మగకుక్కకు బెంగళూరు షోలో కప్పు వచ్చింది, పేపర్లో ఫోటో పడింది. దాని వీర్యం తెచ్చి సూది వేయగలనా అని అడిగాడు.

"ఎవరిదండీ ఆ కుక్క?"

"నాకు తెలీదు సార్. ఎవరిదో. మీరు కూడా నాకు సెప్పొద్దండి."

ఆ ఎవరిదో కుక్క ఫోటోను ఆయన మండీలో టేబులు అద్దం కింద పెట్టుకుని ఉండడం తర్వాత చూశాను. పక్కన నిలబడ్డ మనిషిని కత్తిరించేసి కుక్కనొక్కదాన్నే ఉంచాడు. అయినా పట్టీ పట్టుకున్న చేయి ఫోటోలో మిగిలిపోయింది, ఆ చేతికి బావగారి గడియారం ఉంది.

తర్వాతి ఆదివారం కుప్పం వెళ్లాను. ఫ్యాక్టరీ ఆయన కుక్క నాటు చెవి మాట పడ్డ కుక్కకు సొంత కొడుకు. ఆయన నన్ను కూర్చోబెట్టి కప్పు చూపించాడు, షో నిర్వాహకులిచ్చిన సర్టిఫికెట్టు చూపించాడు, కుక్క రెండు చెవులూ విడివిడిగా చూపించాడు.

"వీర్యం ఇస్తా సార్. ఎవరికో నాకు అనవసరం. మదనపల్లెకు మాత్రం కాకూడదు."

"మదనపల్లెలో చాలామంది ఉన్నారు కదండీ."

"అందుకే పేరు సెప్పొద్దంటాండా. పేరు సెప్తే నేను ఇవ్వలేను" అన్నాడు. మొత్తానికి ఇద్దరికీ అంతా తెలుసు, తెలియనట్టు ఉండడానికి ఒక డాక్టరు కావలసి వచ్చాడు. అయిదేళ్లు చదివి, తిరుపతి మెస్సులో పులిసిన సాంబారు తాగి నేను సంపాదించుకున్న పట్టా అలా ఉపయోగపడింది.

ఆయన కుక్కను కడిగించడానికి పెరట్లోకి వెళ్లగానే భార్య కాఫీ తెచ్చింది. యాభై ఏళ్లుంటాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ ఒక్క మాటా వృథా చేయదు. వాకిలి వైపు ఒకసారి చూసి, నాకెదురుగా మోడా మీద కూర్చుంది.

"సార్, మా తమ్ముడి కుక్కకే కదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తల ఊపాను.

"ఇది నిలబడాల సార్. ఎట్లయినా నిలబడాల. ఎనిమిదేండ్లాయ నేను పుట్టింట్లో ఒక పూట అన్నం తిని. మా అమ్మ పోయినప్పుడు పోయినా. సమాధి కాడి నుంచే మా ఆయన కారెక్కించి తెచ్చేసినాడు. ఇంట్లోకి పోయి అమ్మ పండుకునే సోటు కూడా సూడలేదు."

కళ్లనీళ్లు పెట్టుకోలేదు. కాఫీ చల్లారుతోందని చెప్పింది. నేను కప్పు పక్కన పెట్టాను. కుక్కపిల్లలు పుట్టడానికీ ఆమె పుట్టింటికి పోవడానికీ ఏమిటి సంబంధం అని అడిగాను.

"వాడకం ఉండాది కదా సార్. మగకుక్క గలవాళ్లు పిల్లల్లో ఒకటి ఏరుకుంటారు, మొదటి కోరిక వాళ్లదే. ఎవురో ఒకరు పోయి ఏరుకోవల్ల కదా" అంది.

భర్త రాగానే ఆ సంగతి నా చేతనే అడిగించింది. ఆయన వాడకం వాడకమే అన్నాడు, కుక్కపిల్ల కావలసిందే, మొదటి కోరిక తనదే. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఏరుకోవాలంటే ఆ ఇంటికి వెళ్లాలని. కాసేపు మీసం సవరించుకున్నాడు.

"నేను పోయి తెస్తాలే" అంది ఆమె, కప్పులు సర్దుతూ.

"నువ్వా? నీకు సెవుల గురించి ఏం తెలుసు?"

"ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో ఇంకేం ఇన్నాను" అంది. ఆయన మీసం మీది నుంచి చేయి దించాడు. నేను సంచి సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఆడకుక్క ఎదకు వచ్చిందని కబురు అందాక రోజులు లెక్క వేసుకున్నాను. శనివారం నుంచి సోమవారం దాకా అదను. శుక్రవారం కుప్పంలో వీర్యం తీసి, శనివారం మదనపల్లెలో వేసేయాలి. గురువారం సాయంత్రం మా వంటింట్లో ద్రావణం తయారు చేశాను. బెంగళూరు నుంచి తెప్పించిన లవణాలు, చక్కెర, యాంటీబయాటిక్, వాటితో పాటు కోడిగుడ్డు పచ్చసొన. చల్లదనపు దెబ్బ నుంచి కణాలను కాపాడేది ఆ పచ్చసొనే. ఇక విటమిన్ ఇ. అది మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ మొహానికి రాసుకునే ఆకుపచ్చ గుళికల్లో.

"కుక్కలకా?" అంది ఆవిడ.

"కుక్కకు కాదు, కుక్క వీర్యానికి."

"ఆహా, అయితే సరే" అని డబ్బా నా ముందు పడేసి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సూదితో గుళిక పొడిచి, నూనె చుక్కను పచ్చసొనలో బాగా కలిసేదాకా చిలికాను. ద్రావణంలో సగం మాత్రం గుళిక లేకుండా వేరే పెట్టుకున్నాను, తేడా చూద్దామని.

కుప్పంలో శుక్రవారం జరిగిన దాన్ని ఎక్కువ వర్ణించను. పెద్దమనుషుల ఇల్లు. కారు షెడ్డుకు దుప్పటి అడ్డం కట్టించాడు. షెడ్డులో ఉన్న దేవుడి క్యాలెండర్‌ను గోడ వైపు తిప్పేశాడు. ఫ్యాక్టరీ పనివాళ్లను పంపేశాడు కాబట్టి వాళ్లంతా కాంపౌండు గోడకు అవతల నిలబడ్డారు. అందరిలోకీ సిగ్గుపడనిది కుక్క ఒక్కటే. పని అయిదు నిమిషాల్లో ముగించింది. రెండు గాజు గొట్టాల్లో వీర్యాన్ని రెండు రకాల ద్రావణంతో కలిపి, గుళిక ఉన్న గొట్టానికి ఎర్రదారం కట్టాను. రెండింటినీ దూదిలో చుట్టి, నా సాక్సులో దూర్చి, వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు పక్కన దించాను. సాక్సు ఉతికిందే.

పలమనేరు దాకా బస్సులో సీటు దొరికింది. పక్కన చంటిబిడ్డ తల్లి. బిడ్డ ఏడుపు అందుకుంది. ఆ తల్లి పాలపొడి డబ్బా తీసి, నా ఒడిలోని ఫ్లాస్కును చూసింది.

"అప్పా, కొంచెం సుడునీళ్లు పొయ్యి, బిడ్డకు పాలు కలుపుతా."

"సుడునీళ్లు కాదమ్మా."

"కాఫీనా?"

"కాదు."

"మరేముండాది?"

మందు అన్నాను. ఫ్లాస్కులో మందు పెట్టుకుని తిరిగే మనిషిని బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. పసిబిడ్డకు గుక్కెడు నీళ్లివ్వని వాళ్లుండారు, ఇంక వానలు యాడ పడతాయి అని వెనక సీట్లో ఒక ముసలాయన అన్నాడు. పలమనేరులో దిగేదాకా ఫ్లాస్కును కౌగిలించుకుని కిటికీ బయటకు చూస్తూ కూర్చున్నాను. పుంగనూరు చేరి ఫ్లాస్కును ఆసుపత్రి టీకాల ఫ్రిజ్‌లో పెట్టాకే ఊపిరి పీల్చుకున్నాను.

శనివారం పొద్దున్నే మదనపల్లె. మండీ ఆయన తలంటుకుని, నామం పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. ఎర్రదారం గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత సల్లగుండాదే, ఇంకా ప్రాణంతో ఉండాదా సార్?" అని అడిగాడు.

అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. నాకు ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే పాఠం చెప్పకుండా ఉండలేను, అది నా రోగం. ఆక్సిజన్ గురించి చెప్పాను. వంకాయ చెప్పాను. విటమిన్ చెప్పాను. చివరికి పచ్చసొన దగ్గరికి వచ్చాను.

"గుడ్డా?" అన్నాడు ఆయన, కుర్చీలో వెనక్కి జరిగి.

"పచ్చసొన మాత్రమేనండీ."

"శనివారం మా ఇంట్లోకి గుడ్డు రాదు సార్. మా తాత కాలం నుంచి రాదు."

"అది మీరు తినడం లేదు కదా. కుక్కకు వేస్తున్నాం. అదీ నోట్లోకి కాదు."

"కుక్క కూడా శనివారం నీసు ముట్టదు సార్. పెరుగన్నమే. ఆరేండ్లుగా తప్పలేదు, ఇప్పుడు నేను తప్పించమంటారా?"

ఆ కుక్క వరండా మెట్ల మీద పడుకుని నన్నే చూస్తోంది. దాని అభిప్రాయం వేరేగా ఉందని నాకు గట్టి నమ్మకం, కానీ ఎవరూ అడగలేదు. సరే రేపు వస్తానన్నాను. రేపు ఆదివారం, పైగా అమావాస్య అన్నాడు. ఆదివారం అమావాస్య కలిసిన రోజున ఆ ఇంట్లో కొత్త చెప్పులు కూడా తొడగరట. సోమవారం పొద్దున్నే రండి సార్ అని రెండు కిలోల టమోటాలు సంచిలో పోయించి ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ఏ ముహూర్తమూ చూసుకోకుండా కుక్కల చెవుల మీద ఎనిమిదేళ్లు పోట్లాడుతాడు, కానీ వీర్యకణం మాత్రం పంచాంగం చూసి చావాలి. ఇదంతా పైకి అనలేదు. టమోటాలు మాత్రం తీసుకున్నాను.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. కుప్పం బస్టాండు పక్కన బూత్ నుంచి ఆమె.

"ఏమాయ సార్?"

చెప్పాను.

"శనివారం సంగతి నేను ముందే సెప్పాల్సింది. ఎట్ల మరిసిపోయినా నేను" అంది. పుట్టింటి ఆచారం తనకే గుర్తు రాలేదన్నది ఆమెను ఎక్కువగా పొడిచినట్టుంది. తర్వాత మెల్లగా అడిగింది, "సోమారం దాకా బతుకుతాదా సార్?"

"బతకాలమ్మా" అన్నాను. అంతకంటే నాకూ తెలియదు. వ్యాసంలో ఏముందో తెలుసు, మా టీకాల ఫ్రిజ్‌లో ఏముంటుందో తెలియదు.

ఆదివారం సెలవైనా ఆసుపత్రికి పోయాను. కరెంటు పోయి వస్తోంది. ఫ్రిజ్‌లో గొట్టాల చుట్టూ ఐసు మార్చి, మధ్యాహ్నం ఎండ కిటికీ మీద పడగానే మైక్రోస్కోపు అద్దం తిప్పుకుని కూర్చున్నాను. ముందు దారం లేని గొట్టం నుంచి ఒక చుక్క తీసి చూశాను. తోకలు కదలడం లేదు. అక్కడక్కడ ఒకటి వణుకుతోంది, అంతే. ఆ వణుకు చూస్తుంటే ఆమె బూత్‌లో నిలబడి అడిగిన ప్రశ్న చెవిలో మోగింది. నిజంగానే భయపడ్డాను. ఉద్యోగంలో ఎన్నో ఆవుల చావులు చూశాను గానీ ఇంత చిన్న చావుకు భయపడింది అదే మొదలు. తర్వాత ఎర్రదారం గొట్టం. కళ్లు తుడుచుకుని చూశాను. ఈదుతున్నాయి. అన్నీ కాదు, సగానికి పైగా, నిదానంగా, ఎదురుబస్సు వస్తే తప్పుకుంటున్నట్టు పక్కకు జరుగుతూ ఈదుతున్నాయి. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను, నీ గుళికలే బతికించాయని. "నా మొహం ఎట్లాగూ బతకలేదు, అవన్నా బతకనీ" అంది. అప్పటికి మాటలు మొదలైనట్టే.

సోమవారం పొద్దున రాహుకాలం కంటే ముందే మదనపల్లెలో పని ముగించాను. వేసిన తర్వాత కుక్క వెనక కాళ్లు పది నిమిషాలు పైకెత్తి పట్టుకోవాలని చెప్పాను. మండీ ఆయన పంచె ఎగ్గట్టి తనే పట్టుకున్నాడు. మండీలో ఆయన చేయి ఎత్తితే లారీలు కదులుతాయని పేరు. ఆ పది నిమిషాలూ గోడ గడియారం చూస్తూ, చెమటలు కార్చుకుంటూ నిలబడ్డాడు.

"తూర్పు మొగం తిప్పమంటారా సార్?" అని మాత్రం మధ్యలో అడిగాడు. తిప్పమన్నాను. మనకు పోయేదేముంది.

నెల తర్వాత కడుపు తడిమి చూస్తే వేళ్లకు చిన్న ఉండలు తగిలాయి. రెండు నెలలకు అయిదు పిల్లలు పుట్టాయి. గుడ్డు శనివారం ఇంట్లోకి రానివ్వకపోవడం వల్లే ఇది జరిగిందని మండీ ఆయన మదనపల్లె అంతా చెప్పుకున్నాడు. కప్పు కొట్టిన నెత్తురు ఊరికే పోతుందా అని కుప్పంలో ఫ్యాక్టరీ ఆయన అన్నాడట. నేను ఒక పశువైద్య పత్రికకు రాసి పంపాను. ఒక్క కుక్కతో ఏమీ తేలదని తిప్పి పంపారు. వాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడిగారు. మొదటి రోజే వాడే వీలుండగా మూడు రోజులు ఎందుకు నిలవ ఉంచారు అని.

పిల్లలు పుట్టిన అయిదో రోజున ఆమె కుప్పం నుంచి బస్సులో వచ్చింది. మగకుక్క గలవాళ్ల తరఫున సాక్షిగా నన్ను పుంగనూరులో ఎక్కించుకుంది. మదనపల్లె ఇంటి గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. అక్కను చూశాడు. నన్ను చూశాడు.

"పిల్లల్ని ఏరుకోను ఎవరో వస్తారంటిరి సార్. వచ్చినారా?"

"వచ్చినారండీ" అన్నాను.

"అయితే లోపలికి రమ్మనండి" అన్నాడు. గేటు గడియ తీయడానికి చాలాసేపు పట్టింది, అది తీసే ఉన్నా.

ఆమె నేరుగా లోపలికి వెళ్లింది. వాళ్లమ్మ మంచం వేసుకునే మూల ఇప్పుడు బియ్యం మూటలున్నాయి. ఒక మూట మీద చేయి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత పెరట్లో టమోటా క్రేట్ల మధ్య గోనె మీద పడుకున్న తల్లికుక్క దగ్గర కూర్చుని, పిల్లలను ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసింది.

"ఏదమ్మా మీది?" అని అడిగాను, నా పని ముగించుకుందామని.

"కండ్లు తెరవని వాటిని ఎట్ల ఏరుకునేది సార్? కండ్లు తెరవనీండి" అంది.

కళ్లు తెరవడానికి పదిరోజులు పట్టింది. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కళ్లు తెరిచాక, నడక చూడకుండా ఎలా అంది. నడిచాక, తల్లిపాలు మానకుండా బిడ్డను ఎవరు విడదీస్తారంది. కుప్పం నుంచి ఫ్యాక్టరీ ఆయన రోజు విడిచి రోజు నాకు ఫోన్ చేసేవాడు. పిల్లలు పాలు మానినాయా సార్ అని అడిగేవాడు. ఆయన హోటల్ ఇడ్లీలు తింటున్నాడని గొంతులోనే తెలిసిపోయేది. నలభై అయిదు రోజులు ఆమె తన పుట్టింట్లో మూడు పూటలా అన్నం తింది. శనివారాలు కుక్కతో పాటు పెరుగన్నం తింది.

చివరికి అయిదింట్లో అన్నిటికంటే చిన్నదాన్ని ఏరుకుంది. అప్పటికి అన్నిటి చెవులూ వాలే ఉంటాయి, నాలుగైదు నెలలకు గానీ లేవవు. తమ్ముడు ఆ పిల్ల చెవి పట్టుకుని చూసి, "ఇది లేసి నిలబడితే ఆ పొద్దు నేనన్న మాట తప్పని ఒప్పుకుంటా, పోయి సెప్పు" అన్నాడు. ఆమె పోయి చెప్పింది. "లేసేదాకా నెలకోసారి తీసకపోయి వాని మొగాన చూపిచ్చు" అన్నాడు భర్త. నెలకొకసారి ఆమె ఆ పిల్లను బుట్టలో పెట్టుకుని బస్సులో మదనపల్లె పోయి, రెండు రాత్రులు ఉండి వచ్చేది. నిండు బస్సులో కూడా కండక్టర్లు బుట్టకు సీటు చూపించేవాళ్లని విన్నాను.

పిల్లకు ఆరో నెల వచ్చాక నన్ను కుప్పం పిలిపించారు. కుడి చెవి కత్తిలా నిలబడింది. ఎడమ చెవి సగం దాకా లేచి, కొస దగ్గర మడత పడింది. తాత చెవే. ఇలాంటప్పుడు లోపల మెత్తటిది ఆనించి, ప్లాస్టరు చుట్టి కొన్ని వారాలు ఉంచితే చెవి నిలబడుతుంది. ఈ వయసు దాటితే ఇంక వల్ల కాదు. ఫ్యాక్టరీ ఆయన ప్లాస్టరు కూడా తనే తెప్పించి పెట్టాడు. "కట్టేయండి సార్, నిలబడాల. వాడు ఒప్పుకోవాల" అని, ఎవరో వచ్చారని గేటు దగ్గరికి పోయాడు.

నేను కత్తెర తీశాను. ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుంది. నా చేతికి అందనివ్వలేదు.

"వద్దు సార్."

"ఇప్పుడు కట్టకపోతే ఇక లేవదమ్మా."

"ఇది లేసిందనుకో, మా ఆయన గెలిసినట్టు. గెలిసినాయన నోరు మూసుకుంటాడా? పూర్తిగా వాలిందనుకో, మా తమ్ముడు గెలిసినట్టు. వాడు మూసుకుంటాడా? ఇట్ల సగం లేసి సగం వాలి ఉంటేనే ఇంకో నెల సూద్దాం, ఇంకో నెల సూద్దాం అంటాండారు" అంది. మడత పడ్డ ఆ చెవి కొసను బొటనవేలితో నిమిరింది. "ఇది తేలిపోతే నేను ఏం సెప్పి పోవాల సార్, మా ఇంటికి?"

ఫ్యాక్టరీ ఆయన తిరిగి వస్తున్న చెప్పుల చప్పుడు వినబడింది. ప్లాస్టరు చుట్టను సంచిలో అడుగున వేసుకుని, ఇంకా టైముంది, ఇంకో నెల చూద్దామని ఆయనకు చెప్పాను.